కొండ కొమ్ము మీద ఒక్క బీడీ

కొండలకు తిరిగిన రోజుల్లో నా బరువు తొంభై ఎనిమిది కిలోలు. ఈ సంగతి ముందుగానే చెప్పేయడం మంచిది. ఒక మంచి మనిషి ఆరేళ్ళపాటు ఎన్నో కొండల దాకా వెళ్ళి కూడా ఒక్క కొమ్ము మీద కాలు పెట్టలేకపోయాడంటే, కారణం ఇదే. తెనాలిలో మాకు స్టీలు సామాన్ల కొట్టుంది. కొట్లో కూర్చుని కూర్చుని ఒళ్ళు పెంచానని మా ఇంట్లో అంటారు. కూర్చుంటే ఒళ్ళు రాదు, తింటే వస్తుందని ఆ మనిషి అనేవాడు.

ఆయన కిందటి నెల పోయాడు. పొద్దున్నే లేచి కాఫీ అడిగాడట. ఆయన భార్య, మేమంతా పిన్ని అనే ఆవిడ, గ్లాసు తెచ్చేలోపల తల వాల్చేశాడట. రేపల్లె అవతల, కాలవ చిట్టచివర ఉన్న ఆ ఊరికి తెనాలి నుంచి నేనూ, బాపట్ల నుంచి మా కొండల బృందం నడిపే టీచరమ్మా వెళ్ళాం. పాడె లేచింది. ఆయన ముందు, ఊరంతా వెనక. వీధి మొగదాకా వచ్చి ఆగిపోయిన టీచరమ్మ, "ఆయన ముందు వెళ్తుంటే మనం వెనక నడవడం ఇదే మొదలండీ," అని కళ్ళు తుడుచుకుంది. నిజమే. అన్నేళ్ళు కలిసి తిరిగినా ఆయన వీపు ఎలా ఉంటుందో మా బృందంలో ఎవరికీ తెలియదు.

పేరు రాయడం లేదు. రాసినా వాళ్ళ ఊళ్ళోనే సగం మందికి తెలియదు. అందరికీ ఆయన లస్కరు. మాకు లస్కరు బాబాయ్. లస్కరంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను: కాలవ గట్టున నడవడం, తూముల తలుపులు ఎత్తడం దించడం, గట్టు ఎక్కడ నానిందో కనిపెట్టి పైవాళ్ళకు కబురు చేయడం, నీళ్ళ కోసం కొట్టుకునే రైతుల మధ్య నిలబడి రెండు వైపులా తిట్లు తినడం. ఇదీ ఉద్యోగం. ముప్పై ఎనిమిదేళ్ళు చేశాడు. రోజూ గట్టు మీద పోనూ రానూ నాలుగు కోసులు నడిచేవాడు. మూడు మండలాల పొలాలకు నీళ్ళు పారించాడు గాని, ఆయనకంటూ సెంటు భూమి లేదు.

మా ప్రాంతం సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల సముద్రం దాకా, నేల చాప పరిచినట్టు ఉంటుంది. ఎత్తయినది చూపించమంటే మేము రైలు స్టేషను మెట్ల వంతెన చూపిస్తాం. అది కాదంటే గడ్డివాము. అలాంటి చోట పుట్టి పెరిగిన మనిషికి కొండల పిచ్చి ఎలా పట్టిందని అందరూ అడిగేవారు. పిచ్చి కాదు, బీడీ.

రిటైరైన ఏడాది ఆయనకు దగ్గు పట్టుకుంది. గుంటూరు డాక్టరు ఫోటో తీయించి, ఊపిరితిత్తులు చూపించి, ఇక బీడీ ముట్టుకోవద్దన్నాడు. రోజుకో కట్ట కాల్చే మనిషి. పిన్ని ఏడ్చింది, అలిగింది, అన్నం మానేసింది. మూడో రోజు ఈయన విసుగెత్తి, "సరే, కొండ కొమ్ము మీద తప్ప ఇంకెక్కడా కాల్చను. ఒట్టు. ఇక అన్నం తిను," అన్నాడు. పిన్ని లేచి అన్నం తింది. ఆవిడ లెక్కలో కొండ కొమ్మంటే ఆకాశమే. రేపల్లె చుట్టుపక్కల ఎక్కడుంది కొండ? ఆవిడకు తట్టని విషయం ఒకటే. రెండు నెలలు బీడీ లేకుండా ఉన్న మనిషికి కొండ ఎంత దూరమైనా దగ్గరే.

మొదటిసారి ఆయన్ని చూసింది తెనాలి స్టేషను వంతెన మీద. అప్పటికి మేము ఎనిమిది మందిమి. బాపట్లలో సైన్సు చెప్పే టీచరమ్మ మా నాయకురాలు. ఏటా రెండు సెలవుల్లో ఎక్కడో ఒక కొండ ఎక్కించేది. ఆవిడ మేక జాతి. ముందు వెళ్ళిపోయి పైనుంచి పిట్టల పేర్లు అరుస్తుంది. నాకు షుగరు వచ్చిందని మా ఆవిడ నన్ను ఆ బృందంలో పడేసింది. మాకు ఆదివారం ఆదివారం ప్రాక్టీసు. కొండ లేదు కాబట్టి స్టేషను వంతెన పది సార్లు ఎక్కి, పది సార్లు దిగాలి. ఒకటో ప్లాట్‌ఫారం మీంచి మూడుకి, మూడు మీంచి ఒకటికి. నాలుగోసారికే నేను మెట్ల మీద కూలబడ్డాను. అప్పుడే రేపల్లె బండి దిగిన ఒక ఖాకీ చొక్కా మనిషి, చంకలో గొడుగు, కాళ్ళకు రబ్బరు చెప్పులు, నా పక్కన ఆగాడు.

"ఏంటబ్బాయ్, బండి తప్పిపోయిందా?"

"బండి లేదు బాబాయ్. కొండెక్కడానికి ప్రాక్టీసు."

"కొండా? ఏ కొండ? కొమ్ముందా దానికి?"

కొమ్ము లేని కొండలుంటాయా అన్నాను. ఆయన గొడుగు మెట్టు మీద పెట్టి నా పక్కనే కూర్చున్నాడు. జేబులోంచి హోమియో మాత్రల సీసా తీశాడు. అందులో మాత్రలు లేవు. ఒకే ఒక్క బీడీ నిటారుగా నిలబడి ఉంది. ఒట్టు సంగతంతా చెప్పి, "నన్నూ తీసుకుపోండి. మీ మూటలు మోస్తా," అన్నాడు. నేను ఆయాసంలో ఉండి తల ఊపాను. టీచరమ్మ వచ్చి అరవై దాటినవాళ్ళను తీసుకెళ్ళం అనబోయింది. ఈలోపల ఆయన పది సార్లూ ఎక్కి దిగేసి, చెమట కూడా పట్టకుండా వచ్చి నిలబడ్డాడు. ఆ ఆదివారం నుంచి ఆయన మా తొమ్మిదో మనిషి.

ఆయనకు బూట్లు తొడిగించాలని చాలా చూశాం. "కాలికి నేల తెలియాలమ్మా," అనేవాడు. ఆ రబ్బరు చెప్పులతోనే రాళ్ళ మీద, బురదలో, జలగల మధ్య నడిచాడు. జలగ పట్టిందని మేము గంతులు వేస్తుంటే, "తాగి అదే పోద్ది. మా కాలవలో వీటి తాతలున్నయ్," అనేవాడు. చేతిలో గీతలు పెట్టిన వెదురు కర్ర ఉండేది, నీళ్ళ లోతు కొలిచే అలవాటుకొద్దీ. ఏ వాగు కనిపించినా కర్ర దించి లోతు చూసేవాడు. చూసి ఎవరికి చెప్పాలో తెలియక మాకే చెప్పేవాడు.

కొండల్ని ఆయన ప్రకృతిగా ఎప్పుడూ చూడలేదు. సరిగా కట్టని కాలవగా చూసేవాడు. మేము జలపాతం ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే ఆయన మొహం వేలాడేసుకునేవాడు. "ఎన్ని నీళ్ళబ్బాయ్! అడిగే దిక్కు లేక పోతన్నయ్. మా చివర ఊళ్ళ వాళ్ళు చూస్తే గుండె పగిలి చస్తారు." ఒకసారి మేము భోజనాలు చేసి లేచేసరికి ఈయన రాళ్ళు పేర్చి ఒక చిన్న పాయను మళ్ళించి, కింద ఎండుతున్న ఎవరిదో రాగి చేనుకు పారిస్తున్నాడు. ఆ చేను గల ముసలాయన వచ్చి, ఎవరు నువ్వు అని అడిగితే, "లస్కర్ని," అన్నాడు. ఆ కొండల్లో లస్కరంటే ఎవరికి తెలుసు? ఎవరో పెద్ద ఆఫీసరనుకుని ఆ ముసలాయన నమస్కారం పెట్టాడు.

ఇక ఆయన ముఖ్యమైన అలవాటు. నడకలో ఎప్పుడూ ఆఖరి మనిషి ఆయనే. చేతకాక కాదు. తలుచుకుంటే టీచరమ్మను దాటిపోగలడు. కానీ అందరికంటే వెనక ఎవరుంటే, వాళ్ళ వెనక ఆయన. వాళ్ళు ఆగితే ఆగుతాడు. వాళ్ళు కూర్చుంటే కూర్చుంటాడు. అందరికంటే వెనక ఎవరుంటారో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

"బాబాయ్, నాకోసం ఎందుకు? నువ్వెక్కి ఆ బీడీ కాల్చుకుని రా. నేనిక్కడే కూర్చుంటా," అని మొదటి కొండ మీదే బతిమాలాను.

"చివర చేను తడవకుండా లస్కరు ఇంటికి పోకూడదు," అన్నాడు. "ముందు చేలకు నీళ్ళు ఎవడైనా పారిస్తాడు. వాటంతటవే పారతయ్. చివర చేనోడి కోసమేగా నాకు జీతమిచ్చింది."

"ఇప్పుడు జీతం రావట్లేదుగా?"

"పింఛనొస్తంది గదా," అన్నాడు.

అలా ఆరేళ్ళు. పదకొండు కొండలు. నేను ఎక్కడెక్కడ కూలబడ్డానో అక్కడి దాకా ఆయన ఎక్కాడు. ఒక కొండకి సగం, ఒక కొండకి ముప్పావు. ఒకదానికి మొదటి మలుపు. అది నా అరికాళ్ళలో బొబ్బలు లేచిన రోజు. నేను రొప్పుతుంటే పక్కన కూర్చుని ఆ మాత్రల సీసా తీసి, మూత విప్పి, బీడీ వాసన చూసి, మళ్ళీ మూత పెట్టి జేబులో వేసుకునేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఈ వ్యవహారంలో బాగా సంతోషించిన మనిషి పిన్ని. మొదట్లో ఈయన కొండకు బయల్దేరుతుంటే దణ్ణాలు పెట్టుకుని కూర్చున్న మనిషి, నా సంగతి తెలిశాక కుదుటపడింది. ప్రతి ప్రయాణానికీ ముందు నాకోసం ప్రత్యేకంగా ఒక డబ్బా నిండా సున్నుండలు వచ్చేవి. ఇంత నెయ్యి. "మా బాబు చిక్కిపోతున్నాడు" అని ఆయనతో చెప్పి పంపేది. తొంభై ఎనిమిది కిలోల మనిషి చిక్కిపోతున్నాడని పిన్ని ఒక్కతే అన్నది ఈ భూమ్మీద. నేను ప్రేమ అనుకుని తిన్నాను. ప్రేమే, కానీ నా మీద కాదు.

ఒకసారి మాత్రం ఆయన మమ్మల్ని నడిపించాడు. పాడేరు వైపు కొండల్లో మంచు దిగి, నేనూ ఆయనా ఇంకో ఇద్దరూ బృందం నుంచి విడిపోయాం. దారి కనిపించదు. ఫోను పలకదు. అందరం ఆయన మొహం చూశాం. ఆయన చెవి ఒగ్గి విని, "అదుగో నీళ్ళు. ఇక భయం లేదు. నీళ్ళెమ్మట దిగితే ఊరు రాకుండా ఎక్కడికి పోద్ది? నీరు పల్లమెరుగు," అన్నాడు. మా ముగ్గురికీ అది వేదవాక్కులా వినిపించింది. మేమంతా డెల్టా వాళ్ళమే కదా. కాలవ పట్టుకుని నడిస్తే వేమూరు వస్తుంది, కాకపోతే మరో ఊరు వస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఒక్కడికీ అనుమానం రాలేదు.

గంటన్నర దిగాం. రాళ్ళ మీద జారుతూ, కొమ్మలు పట్టుకుంటూ. నేను దిగడంలో మొనగాణ్ణి, బరువు నాకు సాయం. ఆయన వెనక నుంచి, "చూశారా, ఇంత తేలిక," అంటున్నాడు. ముందు హోరు వినిపించింది. ఊళ్ళో మిల్లు ఆడుతోందన్నారు ఎవరో. ఇంకో పది అడుగులు వేసేసరికి మా ముందు నేల లేదు. వాగు అక్కడి నుంచి తాడెత్తున కిందికి దూకుతోంది. మేము ముగ్గురం నేల మీద బోర్లా పడుకుని రాళ్ళు కరిచి పట్టుకున్నాం. ఆయన మాత్రం అంచున నిలబడి కిందికి చూసి, మండిపడ్డాడు.

"ఇదేం కాలవ? ఇంత తేడా ఉన్నప్పుడు మెట్టుమెట్టుగా దించాలి గదా? ఎవడు చూశాడు దీన్ని?"

విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని అటు వెళ్తున్న ఒక గిరిజన స్త్రీ మమ్మల్ని చూసి ఆగింది. ఎక్కడికి అని అడిగింది. ఊరికి అన్నాం. ఎలా వచ్చారు అంది. నీళ్ళ వెంట అన్నాం. ఆవిడ మోపు దించి మరీ నవ్వింది. "గెడ్డెంట పోతే గెడ్డనాగే దూకాల తాతా," అంది. గెడ్డంటే వాగు. ఆవిడే మమ్మల్ని దారికి తీసుకెళ్ళింది. దిగిందంతా మళ్ళీ ఎక్కాలి. దారిపొడుగునా ఆయన తల దించుకునే ఉన్నాడు. ఒక్కచోట ఆగి, "ముప్పై ఎనిమిదేళ్ళు నీళ్ళతో ఉన్నానబ్బాయ్. వాటికి ఈ బుద్ధి కూడా ఉందని తెలియలా," అన్నాడు. నాకు ఆయాసం, నవ్వు, జాలి మూడూ ఒకేసారి వచ్చాయి.

ఆరో ఏడు ఆయన మోకాలు వాచింది. డాక్టరు ఈసారి మోకాలి ఫోటో తీసి, వచ్చే ఏడు నుంచి కొండలు బంద్ అన్నాడు. ఈ కబురు ఆయన చెప్పలేదు, టీచరమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నాకు అన్నం సహించకపోవడం మా ఇంట్లో వార్త. ఇక మిగిలింది ఒక్క కొండ. ఈసారి నేను ఎక్కకపోతే ఆయన ఇక ఏ కొమ్మూ చూడడు. ఈ మాట నాకు నేను చెప్పుకోగానే సిగ్గుతో ఒళ్ళు వేడెక్కింది.

మర్నాటి నుంచి సున్నుండలు మా వీధి పిల్లలకు పంచాను. రోజూ పొద్దున్నే స్టేషను వంతెన. నెల తిరిగేసరికి పోర్టర్లు నన్ను పేరు పెట్టి పిలిచారు. శనివారాలు బాపట్ల వెళ్ళి సూర్యలంక సముద్రం ఒడ్డున ఇసుకలో వీపు మీద పది కిలోల బియ్యం మూటతో నడిచాను. టీచరమ్మ వెనక నుంచి ఈల వేసేది. స్నానాలకు వచ్చినవాళ్ళు ఏదో మొక్కుబడి అనుకుని పక్కకు తప్పుకునేవారు. అయిదు నెలల్లో ఎనభై నాలుగుకు దిగాను. ప్రయాణానికి ముందు ఆయన్ని చూడ్డానికి వాళ్ళ ఊరు వెళ్తే, పిన్ని తలుపు తీసి నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏంటి నాయనా, ఇలా అయిపోయావు?"

"కొంచెం తగ్గాను పిన్నీ."

"సున్నుండలు తినట్లేదా?"

ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి, "నువ్వెక్కితే ఆయన ఎక్కుతాడు. ఎక్కితే కాలుస్తాడు. నీకు తెలియదా?" అంది.

"ఒక్క బీడీకి ఏం కాదులే పిన్నీ. ఆరేళ్ళ నుంచి ఆశపడుతున్నాడు."

"ఒక్కదానితో ఆగే మనిషయితే నీకు అంత నెయ్యి ఎందుకు పోస్తాను?"

ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ ఆయన్ని బతికించుకోవాలనుకుంటోంది. నేను ఆయన్ని కొండ ఎక్కించాలనుకుంటున్నాను. ఇద్దరిలో ఎవరిది తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆఖరి కొండ కర్ణాటకలో, పడమటి కనుమల్లో. పేరు చెప్పను. చెబితే మీరు వెళ్తారు, వెళ్ళి నన్ను తిడతారు. కింద నుంచి చూస్తే కొమ్ము కనిపించదు. మొదట ఉక్కపోసే అడవి. తరవాత నడుం లోతు గడ్డి. ఆ పైన నిట్టనిలువు రాళ్ళు. అడవి మొదట్లోనే అటవీ శాఖ గేటు. సంచులన్నీ వెతికారు. అగ్గిపెట్టె, సిగరెట్టు, బీడీ పైకి తీసుకెళ్ళకూడదు, గడ్డి అంటుకుంటే కొండంతా పోతుంది. గార్డు ఆయన జేబు తడిమి మాత్రల సీసా తీశాడు. మూత విప్పాడు. ఆరేళ్ళ బీడీ. గార్డు దాన్ని వేళ్ళతో పట్టుకోగానే పొడై రాలిపోయింది. వాడు పాపం కంగారుపడి, చేతులు దులుపుకుని, ఖాళీ సీసా తిరిగి ఇచ్చాడు.

మేమెవ్వరం ఆయన మొహం చూడలేకపోయాం. నాకు లోపల ఒక పిరికి ఆలోచన వచ్చింది, దాచను. ఇక ఎక్కక్కర్లేదేమో అనుకున్నాను. పిన్నికీ సంతోషం, నా కాళ్ళకీ సంతోషం.

"మరి... వెనక్కి పోదామా బాబాయ్?"

ఆయన నా వైపు విడ్డూరంగా చూశాడు. "ఎందుకు?"

"బీడీ పోయిందిగా."

"బీడీ కోసం తిరుగుతున్నా అనుకున్నావా ఇన్నేళ్ళూ? దాని మీద యావ రెండో ఏడే పోయింది." ఖాళీ సీసా జేబులో వేసుకుని, నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "నడు. నడుస్తా చెప్తా."

నడుస్తూ వెనక నుంచి చెప్పాడు. పుట్టిన దగ్గర నుంచి ఆయన చూసింది గట్టు కింద నుంచే. నీళ్ళలో నిలబడి తూము తలుపు ఎత్తేటప్పుడు గట్టు మీద రైతు, గట్టు మీద ఆఫీసరు, గట్టు మీద ఎడ్లు. మాట్లాడాలంటే తలెత్తాలి. మెడ అలాగే అలవాటైపోయింది. "ఒక్కసారి, నాకంటే ఎత్తున ఏదీ లేని చోట నిలబడాలబ్బాయ్. ఏం చేయను. ఊరికే నిలబడి దిగొస్తా." అంతే చెప్పాడు. తరవాత గంటసేపు నేను ఆగకుండా ఎక్కాను. ఆ రోజు నా కాళ్ళు నా మాట వినలేదు, ఆయన మాట విన్నాయి. మూడుసార్లు ఆగాను గాని కూర్చోలేదు. కూర్చుంటే లేవనని తెలుసు.

మధ్యాహ్నానికి రాళ్ళు దాటాం. టీచరమ్మా వాళ్ళూ ఎప్పుడో పైకి చేరారు. మాకు ఇంకా యాభై అడుగులుంది, మహా అయితే అరవై. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. నాకు ఒళ్ళు తెలియని సంతోషం. వెనక్కి తిరిగి, "అయిపోయింది బాబాయ్, వచ్చేశాం!" అన్నాను.

వెనక ఆయన లేడు.

పదిహేను అడుగుల కింద ఒక రాయి మీద ఎవరో పెద్దావిడ, అరవయ్యేళ్ళుంటాయి, కాలు పట్టుకుని కూర్చుని ఉంది. పిక్క పట్టేసింది. వేరే బృందం మనిషి, కన్నడం మాట్లాడుతోంది. వాళ్ళవాళ్ళంతా పైకి వెళ్ళిపోయారు. ఈయన ఆవిడ ముందు కూర్చుని కర్రతో నేల మీద గీసి, కాలు ఎలా చాపాలో చూపిస్తున్నాడు. సంచిలోంచి ఉప్పు మజ్జిగ తీసి ఇస్తున్నాడు. ఆవిడ కన్నడంలో ఏదో చెబుతోంది, ఈయన తెలుగులో అవునమ్మా అవునమ్మా అంటున్నాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

నేను దిగి వెళ్ళాను. "బాబాయ్, పైన వాళ్ళవాళ్ళున్నారు, పిలుద్దాం. నువ్వు ఎక్కు."

"ఈవిడ వెనక ఒక్కడు లేడేంటి? ఏం మనుషులు?" అన్నాడు కోపంగా.

"సరే, నేను కూర్చుంటా ఆవిడ దగ్గర. నువ్వు వెళ్ళిరా. యాభై అడుగులు బాబాయ్!"

"నువ్వు కూర్చుంటే నువ్వు చివరోడివవుతావు. నీ వెనక ఎవరుండాలి? మళ్ళీ నేనేగా?"

ఈ లెక్కను ఏ దేవుడూ తేల్చలేడు. ఈలోపల కింద నుంచి మబ్బు పాకింది. మాతో పైకి వచ్చిన అటవీ గార్డు ఈల వేశాడు. మబ్బు పడితే అందరూ దిగిపోవాలని గేటు దగ్గరే చెప్పారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. యాభై నాలుగేళ్ళ మనిషిని, పరాయి ఆవిడ చూస్తుండగా, "నీకేమైనా బుద్ధుందా? ఎవరికోసం తగ్గాను నేను? ఎవరికోసం మూటలు మోశాను?" అని అరిచాను. ఆయన తల ఎత్తి చూశాడు. ఎప్పటిలా కింద నుంచి పైకే.

"నువ్వెక్కు ముందు. ఆరేళ్ళు నీ పక్కన కూర్చున్నా. నువ్వెక్కకపోతే అదంతా దండగ గదా. పో. పోయి రా."

ఎక్కాను. కోపంతో ఎక్కాను. పైకి వెళ్ళేసరికి టీచరమ్మ లేచి నిలబడి, నా వెనక చూసి, "బాబాయిగారేరీ?" అంది. నేను కిందికి వేలు చూపించాను. చుట్టూ కొండల వెనక కొండలు, వాటి వెనక ఇంకా కొండలు. నాకంటే ఎత్తున ఏదీ లేదు. ఆ చోటు నాది కాదు. చూడబుద్ధి కాలేదు. రెండు నిమిషాలు నిలబడి కిందికి దిగాను.

ఆ పెద్దావిడ మెల్లగా లేచి నిలబడింది. ఆయన గొడుగు ఆవిడ చేతికి ఊతంగా ఇచ్చాడు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది.

"ఎక్కావా?"

"ఎక్కాను."

"మనవాళ్ళు?"

"ఎక్కారు. ఎనిమిది మందిమీ ఎక్కాం."

"అయితే అందరూ ఎక్కినట్టే," అని తృప్తిగా కర్ర నేలకు తాటించాడు.

"తొమ్మిది మందిమి బాబాయ్ మనం," అన్నాను.

ఆయనకు నిజంగానే విసుగొచ్చింది. "నన్నెందుకు కలుపుతావు లెక్కలో? నేను లస్కర్ని. నడు, మబ్బు పడతంది. ఆవిడ్ని ముందు పోనీ, నువ్వు పో, నీ వెనక నేనొస్తా."

నేను కదల్లేదు. "నువ్వే ముందు నడు," అన్నాను. ఆయన నడవనన్నాడు. నేనూ నడవనన్నాను. ఈలోపల టీచరమ్మా వాళ్ళూ, ఆ పెద్దావిడా ఆవిడ మనుషులూ మమ్మల్ని దాటి దిగిపోయారు. గార్డు మళ్ళీ ఈల వేశాడు. అది ఒక్క మనిషి పట్టే దారి. చివరికి ఆ దారిలోనే ఇద్దరం పక్కపక్కన, మోచేతులు రాసుకుంటూ, నువ్వు జరుగంటే నువ్వు జరగమని తిట్టుకుంటూ కింద దాకా దిగాం.